గుబులు నీళ్ళు

ఓ అల్లుడూ! నిన్నే. అటు ఇటు చూస్తవేంది? గా నీలం చాప చంకల పెట్టుకొని పోయేటోడు గీ రోడ్డు మీద ఇంకెవడున్నడు? ఏడికి సవారీ? హాట్ యోగాకా? మే నెలల? గీ బొగ్గుబాయిల ఊర్లనా? ఓరి నీ పాసుగాల! బయట రేకు మీద అప్పడం ఏస్తె పొంగుతాంది, నువ్వు చెమట కోసం తలుపులేసుకొని హీటరు పెట్టుకుంటవా? రా, ఇట్ల కూసో. చాప ఇటియ్యి, నేను దాని మీద కూసుంట. గట్లన్న పనికొస్తది.

నవ్వుతున్నవు గని, మనసు తేలికైతదని ఎవడో చెప్పిండు కదా నీకు? అయితది. అబద్ధం కాదు. తేలికైన మనసుతోని ఏమైతదో మా ఇంట్ల చూసిన. అది విని పో.

ఆగు, ఒక్క నిమిషం... గ్యాస్ బంద్ చేసిన్నా? ఆఁ, చేసిన. చెప్త.

నా పేరు రాజమొగిలి. ఆరో తరగతిల లెక్కల సారు నన్ను బయట నిలబడుమన్నడు. నేను గట్లనె ఇంటికొచ్చిన. ఇప్పటిదాంక లోపలికి రమ్మని పిలవలే. టెంట్ హౌస్ నడుపుత. పెండ్లికైనా, సావుకైనా, మీటింగుకైనా నా కుర్చీలే, నా కూలర్లే. మంది ఉన్నకాడ నా చెయ్యి ఊకోదు. ఒకసారి పెండ్లిపిల్ల మేనత్త చెప్పులు తీస్కపోయి వంటోని బగోన కింద పెట్టిన. ఆమె ఇప్పటికీ నన్ను చూస్తె చెప్పులు చేతుల పట్టుకొని నడుస్తది.

మా అక్క కొమురమ్మ. మా బావ ఓదెలు. వాళ్ళ క్వార్టర్ పక్క రూమే నాది. బావ బాయి మీద ఇంజన్ నడుపుతడు. రైలింజన్ అనుకునేవు, కాదు. బాయి మీద పెద్ద గిరక తిరుగుతాంటది కదా, ఊరంతటికి కనవడ్తది? దాని మీదికెల్లి ఉక్కు తాడు, తాడుకు ఇనుప బోను. బోనుల మనుషులు నిలవడ్తరు. బావ పిడి తిప్పితె భూమిలకు దిగుతరు, మళ్ళ తిప్పితె పైకొస్తరు. అంతమంది పాణం మా బావ మణికట్టు మీద.

అందుకే ఆయనకు గుబులు. మామూలు గుబులు కాదు. ఇంటి తాళం ఏసి, గుంజి చూసి, సందు చివరిదాంక పోయి, మళ్ళొచ్చి గుంజి చూసేటోడు. అన్నం ముందట కూసొని, 'బ్రేకు చెక్కలు అరిగినయా ఏంది' అని ముద్ద చేతులనే పట్టుకొని ఉండేటోడు. రాను రాను ఆ గుబులు చేతులకొచ్చింది. అక్క సల్ల గిలాస ఇస్తె సగం మజ్జిగ లుంగీ మీదనే.

ఇగ డాక్టర్ల పరీక్ష దగ్గరికొచ్చింది. చెయ్యి వణికితె ఇంజన్ మీదికెల్లి దింపి దీపాల గదిల కూసవెడ్తరు. అంటే ఏంది, బాయిల దిగేటోళ్ళకు నెత్తికి పెట్టుకునే లైట్లు ఇచ్చుడు, తీసుకొనుడు.

"బోను దించిన చేత్తోని లైట్లు పంచాల్నారా మొగిలీ?" అని బావ ఓనాడు గోడ దిక్కు తిరిగి అడిగిండు. నేను నవ్వులాట ఆపి ఆయన పక్కన కూసున్న.  నేను నవ్వులాట ఆపిన్నంటె అర్థం చేసుకో.

గప్పుడు దిగింది మా నవత. బావ బిడ్డ. హైదరాబాదుల చెమట మీద చదివింది. అవునయ్యా, చెమట మీద! నేను కూడ నీ లెక్కనె నోరు తెరిచిన. "కోడలా, మా ఊర్ల అందరికి ఫ్రీగ వచ్చేదాని మీద నువ్వు డాక్టరైనవా?" అన్న. అది ముక్కు మీద కండ్లద్దాలు ఎగేసి, "మామా, నీ చెమటల ఏం లేదు, ఉత్త ఉప్పే. బాపు చెమటల ఉన్నది" అన్నది.

క్వార్టర్ ఎనుక బట్టలుతికే గది ఉంటె, దాన్ని బిగించింది. మూలకు హీటర్లు. గోడకు తెల్ల పలకలు, అది తయారుచేసినయి. గది నిప్పుల పొయ్యి లెక్క ఉంటె గోడ మాత్రం కొత్త కుండ లెక్క సల్లగ. గోడ కింద సన్నటి గాడి, గాడి చివర ఒక తెల్ల క్యాను.

"వేడి గదిల ఆసనాలేస్తె అందరికి మనసు తేలికైతది మామా. గుబులు చెమటల బయటికొస్తది గనుక. కాని అది ఒంటి మీదనే ఆరుతది, మెల్లగ మళ్ళ లోపలికే ఇంకుతది. రెండ్రోజులకు మళ్ళ అదే మనిషి. నా పలకలు దాన్ని గాలిల నుంచే గుంజుకుంటయి."

"ఇంకో ఇద్దరు కూడ కూసోవచ్చా లోపల?"

"వద్దు. ఒక్కరే. ఇద్దరి గుబులు కలిసిందంటె ఇగ విడదీయరాదు."

"మరి నచ్చకుంటె వాపసు ఉంటదా?"

"ఎవరిది వాళ్ళ క్యాన్లనె ఉంటె, ఆ నీళ్ళే మరగబెట్టి ఆ ఆవిరి పీలిస్తె చాలు. నువ్వు మాత్రం ఆ క్యాను ముట్టకు. నీ చెయ్యి మంచిది కాదు."

నేను ముట్టలే. దేవుని మీద ఒట్టు. ముట్టింది ఎవరో చెప్త.

బావ లోపలికి పోయిండు. నేను తలుపు అద్దంల నుంచి చూస్తాన్న. లావు మనిషి, నిక్కరు మీద, కుర్చీ లేకుండ కుర్చీల కూసున్నట్టు మోకాళ్ళు వంచి, చేతులు పైకెత్తి వణుకుతాండు. ఉత్కటాసనం అంట. నేను ఊకుంటనా?

"బావా, నా దగ్గర ప్లాస్టిక్ కుర్చీలున్నయి, పంపాల్నా?"

"మొగిలీ, బయటికొచ్చిన్నంటె నీ పండ్లు రాలగొడ్త!"

"కాళ్ళు నిలవడ్తె కదా బావా వచ్చేది!"

"మామా, పక్కకు జరుగు!" అని నవత నన్ను నూకి, తలుపు సందుల నుంచి మెల్లగ చెప్తాంది. "బాపూ, ఊపిరి ఇడువు. దేని మీద గుబులో అదే తలుచుకో. ఆపకు."

బావ కండ్లు మూసుకున్నడు. చెమట గడ్డం మీదికెల్లి కారుతాంది. "తాడు మీద బిడ్డా. తాడు మీద... పొద్దున ఉత్త బోను కిందికి మీదికి తిప్పి చూడకముందే ఎవడన్న ఎక్కుతడేమో అని... బ్రేకు చెక్కల మీద... నువ్వు బస్సు దిగంగనె ఆటో దొరుకుతదో లేదో అని..."

 గోడ మీద చుక్కలు లేచినయి. ఒకదాన్ని ఒకటి పట్టుకొని కిందికి జారినయి. క్యాన్ల టప్ టప్‌మని పడ్డయి.

కొన్ని దినాలు గట్ల చేసిండు. చేసినకొద్ది మనిషి మారిండు. సల్ల గిలాస చేతుల నిలిచింది. డాక్టర్ల పరీక్షల చెయ్యి ముందటికి చాపమంటె కొయ్యముక్క లెక్క చాపిండంట. వచ్చినాడు కోడి కోయించిండు. అక్క సంతోషంతోని ఏడ్చుకుంట ఉల్లిగడ్డలు కోసింది, ఏది దేని నీళ్ళో తెలువకుంట.

ఇప్పుడు క్యాను సంగతి. నవత క్యానుకు మూత బిగించి గోడ మూలకు పెట్టి హైదరాబాదు పోయింది. అక్కకు చెప్పుడు మర్చిపోయింది. మా ఊర్ల ఎండకాలం నల్లా రోజు ఇడిచి రోజొస్తది. బోరు నీళ్ళు పోస్తె కూలర్ గడ్డికి తెల్లటి ఉప్పు పట్టి రాయి లెక్కయితది. అందుకే మా ఆడోళ్ళు ఏసీ కింద కారే నీళ్ళు కూడ బకెట్ల పట్టి కూలర్ల పోస్తరు. ఉప్పుండదు, గడ్డి పాడుగాదు. మా అక్క క్యాను మూత తీసి చూసింది. అద్దం లెక్క నీళ్ళు. ఉత్తగ ఎండుకపోతయి కదా అనుకుంది. తనకేమో మోకాళ్ళ నొప్పి, కూలరు పడదు. తమ్ముని మీద పావురం, ప్రేమ. నా కూలర్ల పోసింది.

నాకు ఇవన్ని తెల్వయి. మధ్యాహ్నం బువ్వ తిని కూలర్ ముందట బోర్ల పండుకున్న. కమ్మటి గాలి. తడిసిన ఇనుము వాసన వచ్చింది, గడ్డి వాసనేమో అనుకున్న. లేచేసరికి గుండెల ఎవరో ఏలితోని తట్టుతాన్నరు. తట్టు, ఆగు, తట్టు. లేచి గేటు చూసొచ్చిన. గ్యాస్ చూసొచ్చిన. షాపుకు పోయి కుర్చీలు చూసిన, అన్ని నాలుగు కాళ్ళ మీదనే ఉన్నయి. మళ్ళ గేటు చూసొచ్చిన. తోవల ఆగి ఎందుకో గిరక దిక్కు చూసిన. 'ఆ చెక్కలు అరిగినయా ఏంది' అనుకున్న. ఏ చెక్కలు? నేనెన్నడు ఇంజన్ రూంల అడుగుపెట్టలే. చెక్కలతోని నాకేం పని?

శనివారం నవత బస్సు దిగి ఒక్కతే నడుచుకుంట వచ్చింది. ఎన్నడైనా ఆ పిల్ల బస్సెక్కిందంటె బావ ఫోను తోవ పొడుగూత మోగేది. సిద్దిపేట దాటినవా, కరీంనగర్ దాటినవా అని. అది విసుక్కునేది, ఫోను ఎత్తకపోయేది. ఆనాడు చెప్పులు ఇడువకుంటనె నా రూంలకొచ్చి మంచం మీద కూసుంది.

"మామా, బాపు ఒక్కసారి కూడ ఫోన్ చెయ్యలే."

"మంచిదే కదనే. నువ్వే కదా తేలిక చేసింది."

"ఇంట్లకు పోతె, 'ఓ, వచ్చినవా' అన్నడు. గంతే. టీవీ చూస్తాండు."  "నా మీద ఉన్నది కూడ పోయింది మామా. నేను దాన్ని గుబులనుకున్న. అండ్ల ఇంకేం కలిసి ఉండెనో చూసుకోలే."

దాన్ని నవ్విద్దామని చూసిన. నాకే గుండెల తట్టుడు ఆగుతలేదు.

ఆ సోమవారమే బాయి మీద రక్షణ వారోత్సవాలు. షామియానా నాదే. పొద్దుగాల ఫస్ట్ షిఫ్టు ఎక్కకముందే నిచ్చెన మీదికెక్కి బట్ట కడ్తాన్న. కిందనేమో 'జాగ్రత్తే ప్రాణం' అని పెద్ద బ్యానరు. బోను కాడ మనుషులు లైన్ల నిలవడ్డరు. నాకు ఒక్కసారి ఒళ్ళంత చెమట. ఎందుకు? పైకి చూసిన. గిరక తిరగలే. పొద్దున ఉత్త బోను ఒకసారి కిందికి పోయి మీదికి రావాలె, గప్పుడే మనుషులు ఎక్కాలె. గిరక అసలు కదలనే లే. అయినా ఇంజన్ రూంకు గంట కొట్టి సైగ చేసేటాయన బోను తలుపు తీసిండు, ఇంజన్ రూంల ఓదెలన్న ఉన్నడు, ఆయన చూడకుంట ఉంటడా అని. ఇరవై ఏండ్ల నమ్మకం. ముందటోళ్ళు బోనుల కాళ్ళు పెట్టిండ్రు.

"ఆగుండ్రి" అంటె ఆగుతరా? టెంటోడు చెప్తె బాయి ఆగుతదా? నాకొచ్చిన విద్య ఒక్కటే. నిచ్చెన మీదికెల్లి గొంతు చించుకున్న.

"పాము! బోనుల పాము!"

అందరు ఒక్క దుంకుల బయటవడ్డరు. ఒకాయన నా నిచ్చెనే ఎక్కిండు. కట్టెలు తెచ్చిండ్రు, బోను మూలలన్ని పొడిసిండ్రు. పాము ఉంటె కదా! "దించి చూడుండ్రి, కిందికి జారిందేమో" అన్న. గంట కొట్టిండ్రు. ఉత్త బోను దిగింది. సగం దూరం పోయినంక దఢేల్‌మని సప్పుడు, ఉక్కు తాడు జాడిచ్చి కొట్టింది, గిరక ఒణికి ఆగింది. బాయి లోపల గోడ పక్కకుండే దూలం ఊడి బోను తోవకు అడ్డం పడి ఉండెనంట.

 ఎక్కబోయిన పెద్దాయన ఒకాయన నేల మీద కూసొని తువ్వాల మొఖం మీద కప్పుకున్నడు.

నేను ఇంజన్ రూం దిక్కు చూసిన. కిటికీలకెల్లి బావ తల బయటపెట్టిండు. మొఖం మీద చెమట చుక్క లేదు. నవ్వుతాండు.

"ఏమోయ్ బావమర్దీ, ఏదిరా నీ పాము?"

అల్లుడూ, నేను పాములను చూసిన, కొట్లాటలు చూసిన, కాలిన డేరాలు చూసిన. ఆ నవ్వుకు భయపడ్డంత దేనికీ భయపడలే.

సంగతి చెప్తె నవత మొఖం తెల్లగైంది. హైదరాబాదుకు పోకుంట ఆగింది. "గుబులు వాపసు ఇయ్యాలె మామా. ఇయ్యాల్నే. బాపును సెలవు పెట్టిస్త. నువ్వు క్యాను తే."

నేను మూలకు పోయిన. క్యాను ఉన్నది. ఎత్తితె దూది లెక్క.

"అక్కా, ఇండ్ల నీళ్ళేవి?"

"నీ కూలర్ల పోసిన తమ్మీ. మంచి నీళ్ళురా, గడ్డికి ఉప్పు పట్టలే చూడు."

నేను ఆడనే కూసున్న. గుండెల తట్టేది ఎవరిదో గప్పుడు అర్థమైంది. చెక్కలు ఎవరియో, గిరక ఎందుకు చూసిన్నో, అన్ని. నా లోపల మా బావ గుబులు కాపురం పెట్టింది. కలిసింది, ఇగ విడదీయరాదు. ఇది చెప్తె ఏమైతది? బావ దీపాల గదికి పోతడు. నవత ఇగ జన్మల తల ఎత్తదు. అక్క తన చేతులు తనే నరుక్కుంటది.

పుట్టినకాన్నుంచి అబద్ధం చెప్పి మందిని ఉలిక్కిపడేసిన. ఇంకొక్కటి చెప్తె ఏం పోతది అనుకున్న. గుబులు వచ్చిందని నమ్మితె మనిషి గుబులుపడ్డట్టే ఉంటడు కదా. క్యాను నల్లా కింద పెట్టి నింపిన.

మళ్ళ గదిల హీటర్లు ఎలిగించిండ్రు. నవత నీళ్ళు మరగబెట్టింది. బావ ఆవిరిల కూసున్నడు. మేమంత అద్దానికి ముక్కులు ఆనించి చూస్తాన్నం. శానసేపు అట్లనె ఉన్నడు. తరువాత తలుపు తీసుకొని వచ్చి, ఛాతి మీద చెయ్యి పెట్టుకొని, అటు ఇటు చూసి, "కొమురమ్మా, గేటుకు తాళం ఏసినవా?" అన్నడు.

అక్క కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్చింది. నవత బాపు మెడ పట్టుకుంది. నేను పక్కకు తిరిగి నవ్వుకున్న. ఎంత మొనగాన్ని! నల్లా నీళ్ళతోని ఒక సంసారం నిలవెట్టిన అని.

కాని లోపల అసలు సంగతి నాకు ఎర్కనే కదా. బావకు గుబులు లేదు, ఉన్నదని అనుకుంటాండు, గంతే. నమ్మకం ఎన్నాళ్ళు నిలుస్తది? అందుకే బండి మీద నేనే దింపుడు మొదలువెట్టిన. తోవల అన్ని అడుగుడు. "చెక్కలు చూసినవా బావా? తాడుకు నూనె పెట్టిండ్రా? ఉత్త బోను తిప్పకుంట గంట వినకు." గేటు బయట రోడ్డు మీద నిలవడి గిరక దిక్కు చూసుడు. అది ఒక్కసారి ఉత్తగ తిరిగి ఆగేదాంక ఆడికెల్లి కదలకపోయేది. ఆలస్యమైతె ఫోన్ చేసుడు. శనివారమైతె, "బావా, పోరి బస్సెక్కింది, మాట్లాడు" అని గుర్తుచేసుడు. నవత నాకు చెప్తది, "మామా, బాపు ఎప్పటి లెక్కనె విసిగిస్తాండు" అని, నవ్వుకుంట. ఆ నవ్వు వింటె నాకు కొంచెం తిండి దిగేది.

వానలు వచ్చినయి, పోయినయి. నా షాపు పిలగాండ్లు నడుపుతాన్నరు. పెండ్లిల ఎవరి చెప్పులు ఏడున్నయో నాకు పట్టది. అద్దంల చూసుకుంటె బుగ్గలు లోపలికి పోయినయి. ఓ శనివారం నవత నా చెయ్యి పట్టుకొని చూసింది. వణుకుతాంది.

"మామా, నువ్వు గిట్లెన్నడు లేవు. దేనికో నాకు చెప్పకు. రేపు పొద్దుగాల గదిల కూసో. అంత గుంజేస్త."

అల్లుడూ, ఎట్ల చెప్పాలె నీకు ఆ సంబురం? పొద్దుగాల స్నానం చేసి, నిక్కరేసుకొని, ఆ గది తలుపు ముందట నిలవడ్డ. లోపల హీటర్లు ఎర్రగైనయి. నవత పలకలు తుడుస్తనని బట్ట తెచ్చేటందుకు ఇంట్లకు పోయింది. ఒక్క అడుగేస్తె తేలిక. మళ్ళ చెప్పులు దాచిపెట్టే మొగిలినైత. కాలు లేవలే. నేను తేలికైతె రేపు గిరక ఎవడు చూడాలె?

గప్పుడే వచ్చి తలుపుకు అడ్డం నిలవడ్డడు బావ. చేతుల చాయ గిలాస.

"వద్దురా మొగిలీ."

"నీకేంది బావా? ఒక్కసారి నిమ్మళంగ ఉండనియ్యి."

"నువ్వు నిమ్మళమైతె ఎట్ల? రేపు ఫస్ట్ షిఫ్టు నాది."

"దానికి నేనెందుకు? నీ గుబులు నీకున్నది కదా." మొఖం మీద ఏం తెలువనియ్యలే నేను.

బావ చాయ ఊదుకుంట ఒక గుక్క తాగిండు. "నల్లా నీళ్ళల్ల గుబులు ఉంటదారా? గదంత బ్లీచింగ్ వాసన."

 "మరి గేటు తాళం అడిగితివి?"

"మీ అక్క అద్దంల నుంచి గట్ల చూస్తాంటె ఏదో ఒకటి అడగాలె కదా."

"నవతకు ఫోన్లు?"

"నువ్వు చెయ్యమన్నప్పుడల్ల చేసిన."

"ఇన్ని నెలలు... గుబులు లేకుంటనె బోను దించినవా? ఎవరికి చెప్పకుంట? నీకు భయం కాలేదా బావా?"

"అదే కదరా నా దగ్గర లేంది."

నేను ఆ ఎర్రటి హీటర్ల దిక్కే చూస్తాన్న. బావ నా భుజం మీద చెయ్యేసిండు. బండరాయి లెక్క చెయ్యి, ఇసుమంత వణకలే.

"నన్ను మోసం చేసిన్నని ఎంత మురిసిపోయినవురా! గా పాము మొత్తుకున్ననాటి నుంచి ఇంజన్ డ్యూటీ నువ్వే చేస్తాన్నవు బావమర్దీ. నేను ఉత్త పిడి తిప్పి జీతం తీసుకుంటాన్న."